తోవలో దొరికిన ముచ్చట్లు



జగిత్యాలకు మొదటిసారి రైల్లో వచ్చేవాళ్ళు ఒక సంగతి తెలుసుకుని రావాలి. ఆ స్టేషను పేరు ఉత్త జగిత్యాల కాదు, 'లింగంపేట్ జగిత్యాల'. నిద్రమత్తులో ఉన్నవాడు బోర్డు మీద మొదటి సగం చదివి, ఇది మనం దిగే ఊరు కాదులే అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడంటే కోరుట్లలో తేలతాడు. స్టేషను లింగంపేట దగ్గర ఉంది కాబట్టి ఆ ఊరి పేరు ముందు, జిల్లా కేంద్రం పేరు తర్వాత. లింగంపేట పెద్దమనిషి ఒకాయనను ఈ విషయమే కదిలిస్తే, "జాగ మాది. పేరు ముందల మాదే ఉంటది సార్" అన్నాడు. కాదనడానికేముంది! పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా ఈ లైను పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. అన్నేళ్ళు ఎదురుచూసిన వాళ్ళం, బోర్డు చివరిదాకా చదివే ఓపిక పట్టలేమా?

ఈవేళ ప్రసంగానికి విషయం అంటూ ఏదీ పెట్టుకోలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. నిన్న పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరడం. మధ్యలో ఏది కనబడితే అది చూడటం, ఎవరు పలకరిస్తే వాళ్ళతో ముచ్చట పెట్టడం. సాంఘికశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన మనిషికి ఇంతకన్నా ఘనమైన పని ఏముంటుంది? "రోహిణి కార్తెల బయట తిరుగుతరా ఎవరన్న?" అని ఇంట్లో కోప్పడ్డారు. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మిక్సీ వచ్చినప్పటినుంచి మా రోలు పెరట్లో వేపచెట్టు కింద చల్లగా పడి ఉంది. పగిలేదేమన్నా ఉంటే నా తలకాయే. గొడుగు, నీళ్ళ సీసా పట్టుకుని బయటపడ్డాను.

మొదలు ఖిల్లా. మా వైపు కోట అనగానే గుట్ట గుర్తుకొస్తుంది. ఎలగందుల కోట గుట్ట మీదే, రామగిరి కోట గుట్ట మీదే. జగిత్యాల ఖిల్లా మాత్రం చదును నేల మీద, చుట్టూ కందకంతో ఉంటుంది. పైనుంచి చూస్తే నక్షత్రం ఆకారం. ఆ ఆకారం అందానికి పెట్టింది కాదు. గుండ్రటి బురుజు ఉందనుకోండి, దాని ముఖం ముందు కొంత జాగా గోడ మీది సిపాయికి కనబడదు. శత్రువు అక్కడిదాకా పాకి వచ్చాడంటే ఇక తాపీగా గోడకు కన్నం వేసుకోవచ్చు. అదే బురుజును కోణాలుగా, ముందుకు పొడుచుకొచ్చేటట్టు కడితే ఒక కోణం మీది ఫిరంగి పక్క కోణం గోడ వెంబడి సూటిగా కాలుస్తుంది. దాక్కోవడానికి మూల దొరకదు. ఫిరంగులు బలపడ్డాక యూరప్‌లో పుట్టిన తెలివి ఇది. అది మన చెరువుల సీమలో రాయీ సున్నమై నిలబడింది.

ఎవరు తెచ్చారయ్యా అంటే ఫ్రెంచి ఇంజనీర్లంటారు. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కోసం కట్టారని పుస్తకాల్లో ఉంటుంది. జాక్ అని ఒకడు, తాల్ అని ఒకడు, ఇద్దరి పేర్లూ కలిసి జగిత్యాల అయిందని ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది గాని నాకే గొంతు దిగదు. ఫ్రెంచి దండును వెంటబెట్టుకుని బుస్సీ దొర హైదరాబాదులో అడుగుపెట్టింది 1751లో. వాళ్ళ మాట చెల్లింది అప్పటినుంచి. అంతకు నాలుగేళ్ళ ముందే జాక్, తాల్ జగిత్యాలకు వచ్చి పునాదులు తవ్విస్తున్నారంటే... వచ్చి ఉండొచ్చు, రాకూడదని రూలేం లేదు. పక్కనున్న పొలవాసను ఏలిన జగ్గదేవుడి పేరు మీద ఊరు వెలిసిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఊరన్నాక రెండు కథలుండాలి. ఒకటి బడికి, ఒకటి చాయ్ హోటల్‌కు.

ఫ్రెంచివాళ్ళు వచ్చిన తేదీ చెప్పాను కాబట్టి పోయిన తేదీ కూడా చెప్పాలి. 1798 సెప్టెంబర్ 1న నిజాం అలీఖాన్ ఇంగ్లీషువాళ్ళతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఆ అక్టోబర్‌లోనే హైదరాబాదులోని ఫ్రెంచి దండు చేత ఆయుధాలు కింద పెట్టించారు. మా సబ్జెక్టులో తప్పించుకోవడానికి వీల్లేని ఏడు అది. ఒకసారి క్లాసులో "1798 అనంగనే ఏం యాదికొస్తది?" అని అడిగాను. వెనక బెంచీలోంచి ఒక రైతు కొడుకు లేచి, "జగిత్యాల సన్నాలు సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మార్కు వెయ్యలేదు గాని వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. జె.జి.ఎల్. 1798 అంటే జగిత్యాల సన్నాలే.

ఆ వడ్లు పుట్టిన చోటు పొలాస. జగ్గదేవుడు ఏలిన పొలవాసే ఇప్పటి పొలాస. కాకతి రుద్రదేవుడు ఓడించిన మేడరాజు ఇక్కడివాడే, హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఆ ముచ్చట చెక్కి ఉంది. శాసనం కాలం 1163. మేడారం జాతర కథలో సమ్మక్కను కూతురుగా పెంచిన దొర పేరు కూడా మేడరాజే, ఆయనదీ పొలవాసే. రాజ్యం పోయింది, గద్దె పోయింది. ఇప్పుడక్కడ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఇదీ ఒక రకం యుద్ధమే, కాకపోతే శత్రువు దోమంత ఉంటుంది. దాని పేరు ఉల్లికోడు. దాని పిల్లపురుగు వరి పిలకలోకి దూరి, మొవ్వు పెరిగే చోటనే తిష్ఠ వేస్తుంది. ఆ పిలక ఆకులాగా విచ్చుకోకుండా ఉల్లికాడలాగా గొట్టమైపోతుంది. ఇక దానికి కంకి రాదు. పచ్చగా, ఏపుగా కనబడే పొలంలో సగం పిలకలు వట్టి గొట్టాలైతే రైతు కడుపు ఎట్లా మండుతుందో చూసినవాళ్ళకు తెలుసు. సాంబ మసూరి తిండికి ఎంత బాగున్నా ఉల్లికోడు ముందు నిలవదు. ఆ పురుగును తట్టుకోవాలి, గింజ సన్నగా ఉండాలి, పంట తొందరగా చేతికి రావాలి. ఇవన్నీ ఒక్క మొక్కలోకి తేవడానికి పొలాస వాళ్ళు ఏళ్ళకేళ్ళు కష్టపడ్డారు. పొలాస ప్రభ, జగిత్యాల సాంబ, ప్రాణహిత అంతా అక్కడి సంతానమే.

ఇంత ముద్దుగా పేర్లు పెడితే రైతులు నంబర్లతోనే పిలుస్తారు. బస్టాండులో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "పోయినేడు ఏమేసినవ్?" "పదిహేడు తొంబై ఎనిమిది." "గిప్పుడో?" "ఇరవై నాలుగు నాలుగొందల ఇరవై మూడు చూద్దామనుకుంటున్న." పక్కన సూట్‌కేసు పట్టుకున్న పట్నం కుర్రాడు వాళ్ళ వైపు అదో రకంగా చూశాడు. లాటరీ టికెట్లనుకున్నాడో, దొంగ ఫోన్ నంబర్లనుకున్నాడో! అదే బియ్యం హైదరాబాదులో తింటూ ఉంటాడు. అక్కడి కొట్లో దాని పేరు ఉత్త 'సన్నబియ్యం'. సంచీ మీద దేవుడి బొమ్మ ఉంటుంది, మిల్లు పేరు ఉంటుంది, జగిత్యాల ఉండదు. నిన్న ఈ తోవంతా నాకు మళ్ళీ మళ్ళీ తగిలిన సంగతి ఇదే: ఇక్కడి పని దేశమంతా తిరుగుతుంది, ఊరి పేరు మాత్రం ఇంటి గడప దాటదు.

కోరుట్ల బస్సెక్కాను. చల్‌గల్ మామిడి మార్కెట్ దగ్గర లారీల వల్ల కాసేపు ఆగాం. ఢిల్లీకి, నాగ్‌పూర్‌కు పోయే కాయలు. బస్సు నిండా మామిడి వాసన, దాంతోపాటు కండక్టర్ విసుగు. అంతకుమించి చెప్పేదేం లేదు.

కోరుట్లలో బీడీల సంగతి చెప్పాలి. తునికాకు అడవిలో తెంపేది సరిగ్గా ఈ ఎండల్లోనే. తునికి చెట్టు పండు తియ్యగా, కొంచెం వగరుగా ఉంటుంది, అడవి అంచు ఊళ్ళ పిల్లలకు తెలుసు. ఈమధ్య పట్నం పండ్ల దుకాణాల్లో పర్సిమన్ అని మెరిసే నారింజరంగు పండు పెడుతున్నారే, అది తునికికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతి చెట్లు. ఒకటి ఏసీ దుకాణం చేరింది, ఇంకోటి బీడీ అయింది. అన్నదమ్ముల్లో ఇట్లాంటివి మామూలే.

ఒక ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు బీడీలు చేస్తున్నారు. దాహమేస్తుంది నీళ్ళిమ్మంటే కూర్చోమన్నారు. ఆకును నానబెట్టి తడిబట్టలో చుట్టి పెడతారు, ఎండిందంటే విరిగిపోతుంది. ఆకు మీద రేకు ముక్క పెట్టి దాని కొలతకు కత్తెరతో కత్తిరిస్తారు. చిటికెడు తంబాకు పోసి, రెండు చేతుల వేళ్ళ మధ్య ఒక్క తిప్పు తిప్పి, దారం చుట్టి, మూతి మడిచి చాటలో వేస్తారు. నేను ఈ ఒక్క వాక్యం చెప్పేలోపల ఆ అమ్మ రెండు చేసింది. చెయ్యి చూపించమంటే సిగ్గుపడుతూ చూపించింది. బొటనవేలి గోరు ఒక పక్క అరిగి ఏటవాలుగా ఉంది. "వెయ్యి బీడీలు జేస్తె గని పొద్దుగూకదు సార్" అంది. మెడనొప్పి ఎట్లా ఉందని అడిగితే, "అది ఉంటనే ఉంటది" అని కొట్టిపారేసింది. బీడీ మంచిదా చెడ్డదా అని ఇక్కడ ఉపన్యాసం ఇవ్వను, తాగొద్దనే చెప్తాను. అయితే ఈ గోళ్ళ మీద ఎంతమంది పిల్లల చదువులు సాగాయో టీచరుగా నాకు తెలుసు. కట్ట మీద లేబుల్ మాత్రం ఎక్కడో మహారాష్ట్ర సేటుది.

బీడీల పనికి చప్పుడుండదు. కత్తెర కిచకిచ తప్ప ఏం వినబడదు. అందుకే ఒకప్పుడు బీడీలు చేసే ప్రతి అరుగు మీదా రేడియో ఉండేది. మాలాంటివాళ్ళ ప్రసంగాలు మొదలుపెట్టిన దగ్గరినుంచి చివరిదాకా విన్న శ్రోతలెవరన్నా ఉన్నారంటే ఈ తల్లులే. లేచి తిప్పాలంటే చేతులు ఖాళీ ఉండవు కదా!

ఆ రేడియో పక్కకు దుబాయి నుంచి టేప్‌రికార్డరు వచ్చింది. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మా జిల్లా బతుకును మూడు ముక్కల్లో చెప్తారు. డెబ్బైల్లో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలయ్యాక కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల చుట్టూ ఊళ్ళు సగం ఖాళీ అయ్యాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పంతులంటే పాఠం చెప్పేవాడు కాదు, దుబాయికి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. తర్వాత ఉత్తరాల బదులు క్యాసెట్లు మొదలయ్యాయి. మాట రికార్డు చేసి, సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళు. రికార్డు మీటా, ప్లే మీటా రెండూ కలిపి నొక్కాలి. ఆ మర్మం వాడకట్టులో నాకే తెలుసు కాబట్టి నన్ను పిలిచేవాళ్ళు.

ఒకింట్లో కొత్తకోడలు. భర్త మస్కట్‌లో. టేప్‌రికార్డరు ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా అత్త, పక్కన మామ, గుమ్మంలో ఆడబిడ్డ, బటన్ దగ్గర నేను. ఆ పిల్ల ఏం మాట్లాడుతుంది? "మంచిగున్నం. నువ్వు మంచిగున్నవా? బర్రె ఈనింది. దూడ" అని ఆగింది. చాలాసేపు ఏమీ అనలేదు. అత్త అందుకుని పెసర్లు ఎన్ని పండినయ్, ఎవరి పెళ్ళి అయింది, ఎవరు అప్పు ఎగ్గొట్టిన్రు అన్నీ చెప్పి మొదటి వైపు నింపేసింది. రెండో వైపు పెట్టగానే మేక ఒకటి వచ్చి అరవడం మొదలుపెట్టింది, ఎంత అదిలించినా పోలేదు. తర్వాత అతను సెలవు మీద వచ్చినప్పుడు అడిగాను, క్యాసెట్ అందిందా అని. అందింది సార్ అన్నాడు. ఆ కోడలు ఏం మాట్లాడకుండా కూర్చున్న చోటునే వెనక్కి తిప్పి తిప్పి విన్నాడట. వెంట ఉన్నవాళ్ళకు మాత్రం మేక అరుపు నచ్చిందట. ఊళ్ళో ఉన్నట్టే అనిపించిందని, రూములో అందరూ వరసపెట్టి అడిగి పెట్టించుకున్నారట.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ. రాజన్న గుడి దగ్గర కోడెమొక్కుల జనం, ఆ ఎండలో కోడెను పట్టుకుని వరసలో నిలబడ్డ భక్తులకు దండం పెట్టాలి. నా మనసు మాత్రం భాషల లెక్క మీద ఉంది. చూడండి, వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో ఉన్న పంపడు కన్నడానికి ఆదికవి. 941 ప్రాంతంలో ఆయన విక్రమార్జున విజయం రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. మన తెలుగు కందపద్యాలు కనబడే తొలి చోట్లలో ఆ గుట్ట ఒకటి. నన్నయకు వందేళ్ళ ముందటి మాట. ఇక వేములవాడ పక్క హనుమాజీపేటలో 1931లో సింగిరెడ్డి నారాయణరెడ్డి అని ఒక పిల్లవాడు పుట్టాడు. సిరిసిల్లలో చదివింది ఉర్దూ మీడియం. ఆ ఉర్దూ మీడియం పిల్లవాడే సినారె అయ్యి, విశ్వంభరకు 1988 జ్ఞానపీఠం తెచ్చాడు. మన రేడియోలో పాట వచ్చిన ప్రతిసారీ రచన సినారె అని ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటారో! కన్నడానికి ఆదికవినీ, తెలుగుకు జ్ఞానపీఠాన్నీ ఇచ్చిన నేల. "మా పోరడు ఇంగ్లీష్ మీడియంల లేడు, ఎట్లైతడో" అని బెంగపడే తల్లిదండ్రులను ఒకసారి హనుమాజీపేట తీసుకుపోవాలనిపిస్తుంది.

పొద్దు వాలుతుండగా సిరిసిల్ల. దీనికి ఇంకా రైలు లేదు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేసే లైను మీద 2023 అక్టోబర్‌లో సిద్ధిపేటకు రైలు వచ్చింది, ఆ తర్వాతి వరుస సిరిసిల్లది. వచ్చేటప్పుడు స్టేషను ఎవరి జాగలో కడతారో చూడాలి. లింగంపేట ముచ్చట వాళ్ళకు చెప్పి వచ్చాను.

ఈ ఊరికి పాత పరువు ఒకటుంది. నిజాం రాష్ట్రంలో తెలుగువాళ్ళు తెలుగులో సభ జరుపుకోవడమే పెద్ద పోరాటమైన కాలంలో, నాలుగో ఆంధ్ర మహాసభ 1935లో జరిగింది సిరిసిల్లలోనే. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. హైదరాబాదులో డెక్కన్ రేడియో మొదలైందీ ఆ ఏడే.

ఇప్పుడు సిరిసిల్లంటే సాంచాలు. మరమగ్గాన్ని ఇక్కడ ఎవరూ మరమగ్గం అనరు. కార్ఖానా గుమ్మంలో నిలబడగానే ఆ చప్పుడు మొదట చెవులకు కాదు, అరికాళ్ళకు తెలుస్తుంది. టకటకమని కాదు, అన్నీ కలిసి ఒకటే హోరు. ఒక్క మనిషి ఎనిమిదో పదో సాంచాల మధ్య తిరుగుతుంటాడు. ఒకదాంట్లో పోగు తెగితే ఆపి ముడేస్తాడు, ఇంకోదాంట్లో కండె అయిపోతే నాడెలో కొత్తది పెడతాడు, ఈలోగా మూడోది ఆగుతుంది. ఆసామి వచ్చి చెవిలో అరిచినా వినబడదు. అందుకని వాళ్ళకు సైగల భాష ఉంది. బొటనవేలు నోటి దగ్గర పెట్టి వంచితే చాయ్. రెండు వేళ్ళతో కత్తిరించినట్టు చూపితే పోగు తెగిందని. నన్ను చూపించి తన కళ్ళజోడు సర్దుకున్నట్టు సైగ చేశాడొకాయన. అందరూ నవ్వారు. 'పంతులు వచ్చిండు' అని అర్థమట. ఉద్యోగం మానేసినా ఆ వాలకం పోలేదన్నమాట.

ఒకప్పుడు సిరిసిల్ల పేరు పేపర్లో కనబడిందంటే నేతన్న ఎవరో ప్రాణం తీసుకున్నాడనే. ఆ రోజులు మరిచిపోయేవి కావు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక కొన్నేళ్ళు కార్ఖానాలకు చేతినిండా పని దొరికింది. ఏటా కోటి చీరల లెక్క. ఆర్డరు ఉంటే ఊరు నడుస్తుంది, లేకపోతే పనోళ్ళు భివండీ తోవ చూస్తారు. ఇందులో గొప్ప సిద్ధాంతం ఏమీ లేదు. మీటరుకు ఇన్ని పైసలని లెక్కగట్టే పనిలో నెల చివర మీటర్లు కావాలి, అంతే.

చెయ్యిమగ్గం తెలివి ఇక్కడ చావలేదనడానికి నల్ల పరంధాములు ఒక్కడు చాలు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేశాడు. ఆయన కొడుకు విజయ్‌ది కూడా అదే దారి. అగ్గిపెట్టె చీర సంగతి చెప్తే ఆడవాళ్ళు అబ్బ అంటారు, మగవాళ్ళు బీరువా ఖాళీ అవుతుందా అని అడుగుతారు. వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని చేత్తో నేసి ప్రధానికి పంపాడు. 2022 నవంబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని ఆయన పేరూ, సిరిసిల్ల పేరూ కలిపి చెప్పారు. వడ్ల మీద రాని పేరు, బీడీకట్ట మీద రాని పేరు రేడియోలో దేశమంతా వినబడింది. పొద్దుననుంచి నాలో గునుస్తున్న మనిషి కాస్త చల్లబడ్డాడు.

నేతన్న చౌక్ దగ్గర షిఫ్టు దిగిన కార్మికుడు ఒకాయన చాయ్ తాగించాడు. డబ్బులియ్యబోతే ఒప్పుకోలేదు. చెవులు దిబ్బడ వేసి ఉన్నాయేమో, గట్టిగా మాట్లాడుతున్నాడు, నేనూ గట్టిగానే మాట్లాడాను. చుట్టుపక్కలవాళ్ళు కొట్లాట అనుకుని ఉంటారు. మీ ముచ్చటంతా రేడియోలో చెప్తానయ్యా, మీ ఫోన్లో వినమన్నాను. ఎన్ని గంటలకని అడిగాడు. చెప్పాను. వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"గప్పుడు నేను సాంచాల మీద ఉంట సార్, ఏం ఇనబడది" అన్నాడు. కాసేపు ఆలోచించి, "కరెంటు పోతే ఇంట" అన్నాడు.